నవ్వుతూ పక్కకు జరగాలా?

ఆడపిల్లలకు సైకిళ్లు పంచే సభల్లో సైకిలుతో పాటు ఒక ఉపన్యాసం కూడా ఉచితంగా ఇస్తారు. ఎడమ అంచునే వెళ్లండి. పెద్ద బండి వస్తే దిగి దారివ్వండి. ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి. ఈ మధ్య చదువుకున్నవాళ్లు నడిపే శిక్షణల్లో ఇది కొంచెం నాజూకుగా మారింది: డ్రైవరు కళ్లలోకి చూడండి, చిన్నగా నవ్వండి, చెయ్యెత్తి థాంక్స్ చెప్పండి, మీరూ మనిషేనని అతనికి గుర్తొచ్చి బండి నెమ్మదిస్తాడు. చెప్పేది పోలీసు అధికారి కావచ్చు, సైకిల్ క్లబ్బు సభ్యుడు కావచ్చు, మన సంస్థల్లో పనిచేసే కార్యకర్తే కావచ్చు. సారాంశం మాత్రం ఒకటే. నీ ప్రాణం నీ ప్రవర్తనలో వుంది.

ఈ మాట మనకి కొత్తది కాదు. ఏ బట్టలు వేసుకున్నావు, ఎన్ని గంటలకి బయట వున్నావు, ఎందుకు నవ్వావు అని అడిగిన నోరే ఇప్పుడు రోడ్డు మధ్యలో ఎందుకు తొక్కావు, ఎందుకు నవ్వలేదు అని అడుగుతోంది. లైంగిక హింస విషయంలో మనం పాతికేళ్లుగా, ముప్ఫయ్యేళ్లుగా ఒప్పుకోని తర్కాన్ని రవాణా విషయానికి వచ్చేసరికి మనమే కరపత్రం వేసి పంచుతున్నాం. నా అభ్యంతరం దీనికే. ఆ సలహాలన్నీ అబద్ధమని నేననడం లేదు. వాటిలో కొంత నిజం వుంది. అది ఎంత నిజమో, ఎవరికి పనికొస్తుందో, దాన్ని ముందు పెట్టి ఎవరు తప్పించుకుంటున్నారో చూడాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మూడు మెట్రో స్టాపుల దూరం. ఆ రోడ్డు ముక్కని దగ్గర పెట్టుకుని చూస్తే విషయం బాగా తెలుస్తుంది.

ముందు పరిశోధనల సంగతి. ‘శాస్త్రం చెప్పింది’ అన్న ముద్రతోనే ఈ సలహాలు తిరుగుతున్నాయి కాబట్టి శాస్త్రం ఏం చెప్పిందో మనమూ చదవాలి. ఇంగ్లండులో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సైకిలుకి దూరం కొలిచే పరికరం బిగించుకుని రోడ్ల మీద తిరిగి, తనను దాటిపోయిన రెండు వేలకు పైగా వాహనాలు ఎంత ఎడం వదిలాయో నమోదు చేశాడు. ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. రోడ్డు అంచు నుంచి ఎంత లోపలికి జరిగి తొక్కితే వాహనాలు అంత దగ్గరగా రాసుకుంటూ పోయాయి. దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ముందు సైకిలు వుందని డ్రైవరు తన దారి పెద్దగా మార్చుకోడు. తను ఎప్పుడూ వెళ్లే గీత మీదే వెళతాడు. సైకిలు మనిషి లోపలికి జరిగిన ప్రతి బెత్తెడూ మధ్యనున్న ఖాళీలోంచే తరిగిపోతుంది. అంటే ఆ ఖాళీ డ్రైవరు ఆలోచించి ఇచ్చింది కాదు, ఊరికే మిగిలింది.

అదే ఇంగ్లండులో జాన్ ఫ్రాంక్లిన్ 1988లో రాసిన ‘సైకిల్‌క్రాఫ్ట్’ పుస్తకం దీనికి ఎదురుగా కనిపించే సలహా ఇస్తుంది. ఇరుకు చోట, కూడళ్ల దగ్గర వరస మధ్యలోకి రమ్మంటుంది. వెనకవాడికి సందు లేదని తెలిసేలా తొక్కమంటుంది. అంచున పాకితే కనబడం, మధ్యలో వుంటే చూడక తప్పదు. దీనిలోనూ అర్థం వుంది. 2022 జనవరిలో సవరించిన బ్రిటిష్ హైవే కోడ్ ఈ పద్ధతిని ఆమోదించింది. దానితో పాటే, గంటకు 30 మైళ్ల వేగం వరకూ సైకిలుకి కనీసం మీటరున్నర ఎడం వదలాలని డ్రైవర్లకి చెప్పింది. ఎక్కువ హాని చెయ్యగల బండి ఎవరి చేతిలో వుంటే ఎక్కువ బాధ్యత వాళ్లదేనని ఒక నియమం పెట్టింది. ఈ కోడ్ మన శిక్షణల్లోకి దిగుమతి అయ్యేటప్పుడు సైకిలు మనిషికి చెప్పిన భాగం వస్తుంది, డ్రైవరుకి చెప్పిన భాగం ఓడ ఎక్కదు. సైకిలుని దాటేటప్పుడు ఇన్ని అడుగులు వదలాలి అని కొలత పెట్టి చెప్పే నియమం మన కేంద్ర చట్టంలో లేదు.

వాకర్ ప్రయోగంలో మనకి ఇంకా ఎక్కువ సంబంధమున్న సంగతి ఒకటుంది. వెనక నుంచి స్త్రీలా కనబడేలా పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుని తొక్కినప్పుడు వాహనాలు సగటున 14 సెంటీమీటర్లు ఎక్కువ ఎడం వదిలాయి. జానెడు కూడా కాదు. ఈ మాత్రానికే స్త్రీలకు రోడ్డు మీద మర్యాద దక్కుతుందని సంబరపడినవాళ్లు వున్నారు. ఆడమనిషికి తొక్కడం సరిగా రాదు, ఎటు తిరుగుతుందో తెలియదు, ఎందుకైనా మంచిదని దూరంగా పోవడం మర్యాద ఎలా అవుతుంది? పైగా 2019లో అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చిన అధ్యయనంలో ఇది తిరగబడింది. అక్కడ వాహనాలు మరీ దగ్గరగా పోయిన సందర్భాలు స్త్రీలు తొక్కుతున్నప్పుడే ఎక్కువ. ఒకచోట ఆడరూపానికి జానెడు కలిసొస్తుంది, మరోచోట జానెడు పోతుంది. రెండు చోట్లా నిర్ణయం స్టీరింగు పట్టుకున్నవాడిదే.

నవ్వు గురించి కూడా ఆధారాలు చూపిస్తారు. సైకిలు మనిషి ఏం చెయ్యబోతున్నదీ పోల్చుకోవడానికి డ్రైవర్లు ముందుగా ముఖం వైపు చూస్తారని వాకరే మరొకరితో కలిసి 2007లో రాశాడు. రోడ్డు దాటబోయే మనిషి నవ్వితే ఎక్కువమంది డ్రైవర్లు ఆగారని 2016లో ఫ్రాన్సు నుంచి ఒక పత్రం వచ్చింది. ఆ బృందంలో ఒకరి ఇతర పరిశోధనల లెక్కల మీద తోటి శాస్త్రవేత్తలే సందేహాలు లేవనెత్తారు కనుక దాని మీద పెద్ద మేడలు కట్టకపోవడం మంచిది. సరే, ఫ్రాన్సులో నవ్వు పనిచేసిందనే అనుకుందాం.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచేది వాకర్ బృందం 2014లో అచ్చువేసిన రెండో ప్రయోగం. ఈసారి ఒకే మనిషి ఏడు రకాల దుస్తుల్లో తొక్కాడు. పందెం సైకిలు మనిషిలా ఒకసారి, కొత్తగా నేర్చుకుంటున్నానని వీపు మీద రాసుకుని ఒకసారి, దయచేసి సైకిలుని గమనించండి అన్నట్టు మర్యాదగా రాసుకుని ఒకసారి, పోలీసు అన్న మాటా కెమెరా నడుస్తోందన్న హెచ్చరికా రాసుకుని ఒకసారి. ఐదు వేలకు పైగా వాహనాలు దాటిపోయాయి. మర్యాద పనిచెయ్యలేదు. కొత్తవాడినన్న విన్నపం పనిచెయ్యలేదు. పోలీసు, కెమెరా మాత్రం పనిచేశాయి, అదీ కొద్ది సెంటీమీటర్లే. దానికంటే ముఖ్యమైన అంకె ఇంకొకటి వుంది. ఏ దుస్తులు వేసుకున్నా నూటికి ఒకటి రెండు వాహనాలు అరమీటరు లోపల నుంచే దూసుకుపోయాయి. ప్రాణం తీసేది ఆ ఒకటి రెండే. వాటిని ఆపడానికి సైకిలు మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదని, రోడ్డునీ చట్టాన్నీ డ్రైవర్ల చదువునీ మార్చాలని ఆ పరిశోధకులే తేల్చారు. నవ్వమని చెప్పే శిక్షకులు ఈ పత్రాన్ని ఎందుకు చదవరో నాకు తెలియదు.

పోలీసు, కెమెరా పనిచేశాయి కదా, ఇంకో వెయ్యి కెమెరాలు పెట్టమని అడుగుదాం అని ఎవరైనా అంటే నేను ఆ గుంపులో లేను. 2014 అక్టోబరులో షీ టీమ్స్ మొదలైనప్పటి నుంచీ ఈ నగరంలో స్త్రీల భద్రత అంటే నిఘా అని అర్థం స్థిరపడిపోతోంది. అది వేరే పెద్ద చర్చ.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌కి వద్దాం. కోచింగ్ సెంటర్లూ లేడీస్ హాస్టళ్లూ కిక్కిరిసిన ఈ పేటలో సాయంత్రం స్త్రీలు రోడ్డు ఎలా దాటుతారో గమనించండి. అరచెయ్యి బండివైపు చాస్తారు. ముఖం మాత్రం అటు తిప్పరు. చూపు ఎదుటి ఫుట్‌పాత్ మీదో కాళ్ల కిందో వుంటుంది. ఇరవయ్యేళ్ల విద్యార్థినీ అంతే, కూరల సంచీ మోసుకెళ్లే అరవయ్యేళ్ల అవ్వా దాదాపు అంతే. చెయ్యి ఆగమంటుంది, ముఖం నీతో నాకేం పని లేదంటుంది. డ్రైవరు ముందు ముఖమే చూస్తాడని పరిశోధన చెబుతుంటే మన స్త్రీలు ఆ ముఖాన్నే దాచుకుని రోడ్డు దాటే పద్ధతిని కనిపెట్టుకున్నారు. ఎందుకు దాచుకోవాల్సి వచ్చింది? ఇక్కడ పరాయి మగవాడి వైపు నవ్వడం థాంక్స్ అని చదవబడదు కాబట్టి. ఆటో ఎక్కినా, బస్సులో చిల్లర తీసుకున్నా, దారి అడిగినా స్త్రీలు మొదట అనే మాట ‘అన్నా’. అది స్నేహమే, కానీ చుట్టూ కంచె వేసుకున్న స్నేహం. అన్నా అంటే ఆగుతాడు, నవ్వితే వెంటపడతాడు అన్న లెక్క ఇక్కడ ఏ ఆడపిల్లకీ శిక్షణ పెట్టి నేర్పనక్కర్లేదు. సైకిలు మీద వున్న మనిషికి ఆ ‘అన్నా’ అనే అవకాశం కూడా లేదు. హెల్మెట్ పెట్టుకున్న బైకువాడికీ, అద్దాలు ఎత్తుకున్న కారువాడికీ ఆ పిలుపు వినబడదు.

2019 నవంబరులో శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసేసి, సాయం చేస్తామంటూ వచ్చినవాళ్లే ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. స్నేహంగా మాట్లాడటమే వాళ్లు వాడిన సాధనం. ఆ ఘటన తర్వాత పోలీసులు స్త్రీలకే జాగ్రత్తల జాబితా విడుదల చేశారు. అపరిచితుల సాయాన్ని నమ్మొద్దని ఒక చేత్తో చెప్పి, అపరిచిత డ్రైవర్ల వైపు నవ్వమని ఇంకో చేత్తో చెబితే పద్దెనిమిదేళ్ల పిల్ల ఏ చెయ్యి చూడాలి? ఆ పిల్ల ఒక నిర్ణయం తీసుకుంటుంది. సైకిలు మూలన పెడుతుంది. సరూర్‌నగర్, గడ్డిఅన్నారం, పీ అండ్ టీ కాలనీ సందుల్లో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు ట్యూషన్లకి సైకిళ్ల మీద పోవడం మనం చూస్తూనే వుంటాం. ఇంటర్మీడియట్‌కి వచ్చేసరికి మగపిల్లల చేతికి బైకు వస్తుంది, ఆడపిల్లల చేతిలోంచి సైకిలు పోతుంది. ఆమె ఆటో కోసమో, తండ్రి కోసమో, అన్న కోసమో ఎదురుచూసే మనిషి అవుతుంది. ఏ ప్రమాదాల లెక్కల్లోనూ చేరని నష్టమిది.

ఇక రోడ్డు మీద ఎక్కడ తొక్కాలి అన్న ప్రశ్న. సాయంత్రం ఆరు గంటలకి చైతన్యపురి మెట్రో స్టేషన్ కింద నిలబడి ఎడమ అంచుని మాత్రమే చూడండి. దుకాణాల ముందు రెండు వరసల బైకులు. వాటి పక్కన ఆపిన కార్లు, ఎప్పుడు ఏ డ్రైవరు తలుపు రోడ్డు వైపు తెరుచుకుంటుందో తెలియదు. బజ్జీల బండి, పండ్ల బండి. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వాటికీ వేరే చోటు చూపించలేదు. చెయ్యి ఊపినచోటల్లా ఆగే ఆటోలు. స్టాపు కోసం కుడి నుంచి ఎడమకి కోసుకొచ్చే ఆర్టీసీ బస్సు. రోడ్డు కంటే ఎత్తుగానో లోతుగానో వుండే మ్యాన్‌హోల్ మూతలు, వాన వెలిశాక పేరుకున్న ఇసుక. వీటన్నిటికీ మించి రాంగ్ రూటు. మధ్యలో డివైడరూ మెట్రో స్తంభాలూ, యూ టర్ను ఎక్కడో ముందు. అంతదూరం తిరిగి రావడం ఇష్టంలేని బైకులన్నీ ఎదురుగా వచ్చేది ఈ అంచునే. ఎడమకి ఒదిగి తొక్కమన్నప్పుడు మనం ఆ పిల్లని పంపిస్తున్నది ఇక్కడికి.

ఫ్రాంక్లిన్ చెప్పినట్టు మీటరు లోపలికి జరిగి తొక్కితే? తలుపుల బెడద, మూతల బెడద, ఎదురు బైకుల బెడద తగ్గుతాయి. అదే వయసు మగపిల్లవాడు లోపలికి జరిగితే హారన్ మోగుతుంది. ఆడపిల్ల జరిగితే హారన్‌తో పాటు ‘రోడ్డు మీ అయ్య జాగీరా’ అన్న మాటా, కావాలని పక్కనే రాసుకుంటూ పోయే బైకూ, ఒక్కోసారి చాచిన చెయ్యీ తోడవుతాయి. మన దగ్గర ‘దగ్గరగా దాటడం’ అన్నది రోడ్డు ప్రమాదాల పద్దులోనే కాదు, వేధింపుల పద్దులోనూ రాయాల్సిన విషయం. ఇంగ్లండులో పరికరం బిగించి కొలిచినవాళ్లు సెంటీమీటర్లు కొలిచారు. ఆ సెంటీమీటర్ల వెనక ఉద్దేశాన్ని కొలిచే పరికరం వాళ్ల దగ్గర లేదు, మన స్త్రీల ఒంటికి వుంది.

పక్కకు జరగడం అనేది ఈ సమాజంలో ఎవరు నేర్చుకున్నారో, ఎవరికి నేర్పారో కూడా మరిచిపోకూడదు. అగ్రకులాల వీధుల్లో దళితులు సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాల్సిన పల్లెలు తెలుగునాట చాలా వుండేవి. ఎక్కి తొక్కినందుకు దెబ్బలు తిన్నవాళ్లున్నారు. పెద్ద బండి వస్తే దిగి దారివ్వమన్న ఉపన్యాసం ఆ వీధుల్లోంచే నడిచొచ్చింది. బండి మారింది గానీ దిగమనే గొంతు మారలేదు.

ఈ పరిశోధనల్లో నాకు పనికొచ్చినట్టు కనిపించినది ఒకటే: డ్రైవరు ముఖం చూస్తాడు అన్నది. దాన్ని పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కి వెళితే అసలు ప్రశ్న ఎదురవుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రాలు బండ్లు పాకుతాయి. ఆ వేగంలో మనిషికి మనిషి కనబడుతుంది. తిట్లూ వుంటాయి, చెయ్యి చూపితే ఆగడమూ వుంటుంది. అక్కడ దాటే స్త్రీల చాచిన చెయ్యి పనిచేస్తున్నదంటే కారణం డ్రైవర్ల సంస్కారం కాదు, ఆ కొద్దిపాటి వేగమే. ఎల్బీనగర్ కూడలి చూడండి. విజయవాడ రహదారీ ఇన్నర్ రింగ్ రోడ్డూ కలిసే ఈ చోట 2018 నుంచి వరసగా ఎల్బీనగర్, కామినేని, చింతల్‌కుంట, బైరామల్‌గూడ చుట్టూ అండర్‌పాసులూ ఫ్లైఓవర్లూ వచ్చాయి. సిగ్నల్ లేని ప్రయాణం అని దానికి గర్వంగా పేరు పెట్టారు. సిగ్నల్ అంటే కారువాడికి వృథా అయిన రెండు నిమిషాలు. సైకిలు మనిషికీ, నడిచే మనిషికీ అది డ్రైవరు ముఖం కనబడే ఏకైక సమయం. ఆ సమయాన్ని తీసేశారు. అండర్‌పాసులోంచి వేగంగా పైకి లేచే కారుకి అంచునున్న సైకిలు మీద మనిషి నవ్విందో ఏడ్చిందో తెలిసే వీలే లేదు. స్నేహంగా వుండమని చెప్పేవాళ్లు ముందు స్నేహానికి వీలయ్యే వేగాన్ని అడగాలి.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సమావేశం, నడిచేవాళ్లూ సైకిళ్లూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని ప్రకటించింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రకటనకి మద్దతు తెలిపింది. మన కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో పట్టణ రోడ్ల మీద కార్లకి గరిష్ట వేగం 70 అని నోటిఫికేషన్ ఇచ్చింది. తగ్గించుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకీ స్థానిక సంస్థలకీ వుంది. ముప్ఫైకీ డెబ్భైకీ మధ్య తేడాని ఏ ఆడపిల్ల చిరునవ్వు పూడుస్తుందో చెప్పాలి. మన దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అయిదుగురిలో ఒకరు నడుస్తూ పోతున్న మనిషి. సైకిళ్ల మీద పోయినవాళ్లు నాలుగు వేలకు పైనే. వీళ్లంతా నవ్వడం చేతకాక చచ్చిపోయారా?

చట్టం చూపు కూడా ఇటే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 138వ సెక్షన్‌లో ఒక కొత్త ఉపవిభాగం చేర్చింది. మోటారు లేని వాహనాలూ పాదచారులూ రోడ్లమీద ఎక్కడికి రావచ్చో, ఎలా మసలుకోవాలో నియంత్రించే నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకి ఇచ్చింది. భద్రత పేరుతోనే ఇచ్చింది. ఈ అధికారం ఎటు తిరుగుతుందో ఊహించడానికి కలకత్తా అనుభవం చాలు: 2013లో అక్కడ 174 రోడ్ల మీద సైకిళ్లని నిషేధించారు, అదీ ట్రాఫిక్ సాఫీగా సాగడం కోసం. సంఘాలు వీధికెక్కి పోరాడాల్సి వచ్చింది. మన రాష్ట్రం ఈ నియమాలు రాసేటప్పుడు ఆ గదిలో మహిళా సంఘాల ప్రతినిధి వుండాలని అడగడం మన పని.

హైదరాబాద్‌లో సైకిలు కోసం డబ్బు లేదనుకోకండి. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు. బాగుంది, ఐటీ ఉద్యోగులు ఉదయాన్నే వెళ్లి తొక్కుకోవచ్చు. హయత్‌నగర్ నుంచి, వనస్థలిపురం నుంచి, మన్సూరాబాద్ నుంచి పనికి వచ్చే మనిషికి ఆ కప్పు నీడ నగరానికి అవతలి చివర పడుతుంది. వ్యాయామం కోసం తొక్కేవాళ్లకి ట్రాక్, పని కోసం తొక్కేవాళ్లకి ఉపన్యాసం. సైకిలు దారులు ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ప్రమాణాలు రాసింది, 2015లో సవరించింది కూడా. విజయవాడ రహదారి మీద మెట్రో స్తంభాలు లేచినప్పుడు ఎవరూ వాటిని తెరిచి చూసినట్టు లేరు.

ఇక్కడ నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. అసలు ఆ రోడ్డు మీద సైకిలు తొక్కే స్త్రీలెంతమంది మేడమ్, 2023 డిసెంబరు నుంచి స్త్రీలకి బస్సు ఉచితం కదా, ఇంకా సైకిలెందుకు? ఉచిత బస్సు మంచి పని. దాన్ని వెక్కిరించే మగవాళ్ల జోకులు విన్నప్పుడల్లా అది మరింత మంచి పనిగా అనిపిస్తుంది. కానీ బస్సు ప్రధాన రోడ్డు వదిలి కాలనీ సందులోకి రాదు. ఉదయం అయిదింటికి ఊడ్చే పనికి వెళ్లే మనిషికీ, నాలుగిళ్లలో గిన్నెలు తోమి ఒక్కో ఇంటికీ మధ్య కిలోమీటరు నడిచే మనిషికీ, రాత్రి తొమ్మిదింటికి కోచింగ్ వదిలాక హాస్టలుకి చేరాల్సిన పిల్లకీ బస్సు స్టాపు నుంచి గుమ్మం దాకా వున్న దూరమే అసలు దూరం. సైకిలు స్త్రీలు తక్కువగా వుండటం సమస్య లేదని రుజువు చెయ్యదు. సమస్య తన పని పూర్తిగా చేసుకుపోయిందని చెబుతుంది, అంతే.

సైకిలు వల్ల ఏం జరుగుతుందో మన పక్కనే వుదాహరణలున్నాయి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1991-92 అక్షరాస్యతా ఉద్యమంలో అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చొరవతో వేలమంది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా పాఠాల్లోంచి సారా వ్యతిరేక పోరాటం లేచింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. అక్కడి స్త్రీలు ఒక్కొక్కరుగా నవ్వుతూ అంచున పోలేదు, గుంపులుగా రోడ్డెక్కారు. బీహారులో 2006లో మొదలైన బాలికల సైకిలు పథకం వల్ల హైస్కూల్లో ఆడపిల్లల చేరిక మూడో వంతు దాకా పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్‌ల అధ్యయనం 2017లో లెక్కకట్టింది. రోడ్డు మీద సైకిళ్ల సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో సైకిలు మనిషికి ప్రమాదం తగ్గుతుందని పీటర్ జేకబ్‌సెన్ 2003లో అనేక పట్టణాల లెక్కలతో చూపించాడు. సైకిళ్లు ఎక్కువైతే డ్రైవర్లే తమ నడక మార్చుకుంటున్నారని అతని వివరణ. డ్రైవరుని మార్చేవి ఇవి: వేగం, సంఖ్య, విడిగా ఇచ్చిన చోటు, చట్టం. సైకిలు మనిషి ముఖకవళికలు ఈ వరసలో ఎక్కడో చివరన వస్తాయి.

శిక్షణలు మానేయమని నేను చెప్పను. అంచుకి మరీ అతుక్కోవద్దు, ఆపిన కారుకి తలుపంత ఎడం వుంచు, బస్సుకి ఎడమ పక్కన దూరొద్దు, తిరిగే ముందు వెనక్కి చూసి చెయ్యి చాచు: ఇవి పిల్లకి చెప్పాల్సిందే, నిప్పు కాలుతుందని చెప్పినట్టు. నవ్వమని మాత్రం చెప్పకండి. చెప్పిన వెంటనే, నువ్వు ఇవన్నీ చేసినా ఎవడో ఒకడు గుద్దవచ్చు, అప్పుడు తప్పు నీది కాదు అన్న వాక్యం కూడా అదే కరపత్రంలో అదే అక్షరాల సైజులో అచ్చు వెయ్యండి. ఆ వాక్యం లేని రోడ్డు భద్రతా కరపత్రం మీద మన సంఘం పేరు వుండకూడదు.

దాంతో పాటు ఒక పని మొదలుపెడదాం. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ నుంచి ఎల్బీనగర్ స్టేషన్ దాకా రెండు వైపులా ఒక టేపు పట్టుకుని నడుద్దాం. ఉదయం ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. ఎడమ అంచున సైకిలుకి మిగిలిన చోటెంత, దాన్ని ఆక్రమించింది ఏమిటి, ఎదురుగా వచ్చిన బండ్లెన్ని, సైకిలు మీద వెళ్లినవాళ్లలో స్త్రీలెందరు, ఏ స్టేషన్ దగ్గర సైకిలు తాళం వేసుకునే చోటుంది, అండర్‌పాసుల దగ్గర నడిచే మనిషికి దారి ఎటు. కాగితం, పెన్సిలు చాలు. హాస్టళ్ల పిల్లలు కలిస్తే రెండు వారాల్లో అయిపోతుంది. ఆ లెక్కలు నగరపాలక సంస్థకీ, ట్రాఫిక్ పోలీసులకీ, మెట్రో సంస్థకీ ఒకే రోజు ఇచ్చి, ముప్ఫై కిలోమీటర్ల వేగ పరిమితి ముందు ఏ సందుల్లో, ఏ ముక్కలో పెడతారో రాతపూర్వకంగా అడుగుదాం. రాగలిగినవాళ్లు సంచికలో వున్న చిరునామాకి కార్డు రాయండి. సైకిలు వున్నవాళ్లు సైకిలు మీద రండి.